ఏడో నంబరు కోటు

వినెగర్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, వార్సెనిక్ తెల్ల గుర్రం మెడ తుడిచింది. పిల్లల చేతుల జిడ్డంతా గుర్రాల మెడలకే పడుతుంది. ఎత్తు వేయాల్సిన పని లేకపోయినా, చచ్చిన గుర్రాన్ని గుప్పిట్లో పెట్టుకుని నలుపుతూ కూర్చుంటారు. తుడిచిన పావును కిటికీ వెలుగులో ఒకసారి చూసి పెట్టెలో పడుకోబెట్టింది. ముప్పై రెండూ ఉన్నాయని వేలితో తడిమి చూసుకుని, మూత వేసి, ఇంకో పెట్టె తెరిచింది. ఇంకా పదకొండు పెట్టెలున్నాయి. టైము ఎనిమిదీ పావు.

బయట మార్చి మంచు నల్లరాతి మెట్ల మీద గట్టిపడి గాజులా మెరుస్తోంది. మెట్ల మీద ఉప్పు చల్లి వచ్చింది. పెద్ద గదిలో హీటరు వేసింది. పెట్టెల పని అయ్యాక గడియారాలకు కీ ఇవ్వాలి. ఒక్కో గడియారానికి రెండు ముఖాలు, ఒకటి తెల్ల పావుల వాళ్లకు, ఒకటి నల్ల పావుల వాళ్లకు. వాటిలో ఒకదాని ఎడమ ముఖం గంటకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. దాన్ని ఆమె బల్ల మీదికి రానివ్వదు. హ్రాంత్ మాస్టారు, "నాలుగు నిమిషాలేగా అక్కా" అంటాడు. "నాలుగు నిమిషాలు మీకు నాకు మాస్టారూ. తొమ్మిదేళ్ల పిల్లకి అది ఒక జన్మ" అంటుంది వార్సెనిక్.

గ్యుమ్రి పట్టణంలోని ఆ చదరంగం బడిలో ఆమె ఉద్యోగం పేరు 'కోట్ల గది బాధ్యురాలు'. నిజానికి అక్కడ గదంటూ లేదు. పొడుగాటి నడవా, గోడకు నలభై కొక్కేలు, కొక్కేల కింద పిల్లల చేతికి ఇచ్చే ఇత్తడి నంబరు బిళ్లలు, ఒక చెక్క బెంచీ, ఒక స్టూలు. ఆమెకు అరవై ఏడేళ్లు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, సాయంత్రానికి వాచిపోయే చీలమండలు. గోరింటాకు పెట్టిన జుట్టు పాపిట దగ్గర మాత్రం ఎప్పుడూ వేలెడు వెడల్పున తెల్లగా కనబడుతుంది. ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి అలాగే పెరిగింది. మేజోళ్లు అల్లే యంత్రం సూది దిగిన గుర్తు అది. పైఅంతస్తుకు మెట్లెక్కేటప్పుడు ఐదో మెట్టు మీద ఈ మధ్య ఆగుతోంది. ఎవరైనా చూస్తే, గోడ సున్నం ఎక్కడ రాలిందో చూస్తున్నట్టు తల పైకెత్తుతుంది.

వెనకటికి ఆమె మేజోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడే యంత్రాల మెకానిక్కు ఆమె భర్త వర్తాన్. ఎనభై ఎనిమిది డిసెంబరులో, భూకంపం వచ్చిన రోజున, అతనిది పొద్దుటి షిఫ్టు, ఆమెది సాయంత్రం షిఫ్టు. అంతకంటే ఎక్కువ ఆమె ఎప్పుడూ చెప్పదు, ఊళ్లో ఎవరూ అడగరు. ఆ తర్వాత రెండేళ్లకు, చదరంగం బడి ఇంకా చెక్క షెడ్డులో నడుస్తున్నప్పుడు, పొయ్యిలో కట్టెలు వేసే మనిషి కావాలంటే వచ్చి చేరింది. అప్పటికి ఆమె కూతురు సిరానుష్ అక్కడ ఆట మానేసి మూడు నెలలయింది. కూతురు మానేసిన చోటికి తల్లి వచ్చిందని అందరూ వింతగా చెప్పుకున్నారు.

తొమ్మిదిన్నరకు పిల్లలు, వాళ్ల వెనకే పెద్దవాళ్లు వచ్చారు. ఆ రోజు చదరంగంలో నాలుగో తరగతి ఆటగాళ్లుగా గుర్తింపు కోసం జరిగే యోగ్యతా పోటీల్లో ఆఖరి ఆట. కోట్లు, టోపీలు, మఫ్లర్లు ఆమె చేతుల మీదుగా కొక్కేలకెక్కాయి. ఏ చేతి తొడుగు ఎవరిదో ఆమెకు తెలుసు. ఏ పిల్ల తల్లి ముందు ధైర్యంగా నవ్వి, తలుపు దాటగానే పెదవి కొరుక్కుంటుందో కూడా తెలుసు.

పిల్లలు లోపలికి వెళ్లాక తలుపు మూసింది. ఆ తలుపుకు పెద్ద అద్దం ఉంది. కింది సగం మామూలు అద్దమే, పై సగానికి మాత్రం తెల్ల రంగు. పదేళ్ల కిందట తల్లిదండ్రులు అద్దానికి ముక్కులు ఆనించి, కళ్లతో, చేతులతో పిల్లలకు సైగలు చేస్తుంటే, ఒక ఆదివారం వచ్చి ఆమే రంగు పూసింది. మాస్టారు మూడు రోజులకు గమనించాడు. "ఏంటక్కా ఇది?" అంటే, "పిల్లలకి బయట కనబడాలి, పెద్దాళ్లకి లోపల కనబడకూడదు. పిల్లల ఎత్తు వరకు వదిలేశాగా" అంది. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

"వార్సెనిక్ పిన్నీ, నా చేతికేదన్నా పని చెప్పు. లేకపోతే నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ కింది అద్దంలోంచి చూసేస్తా" అంది లూసిక్. ఆవిడ కొడుకు మూడేళ్లుగా ఆడుతున్నాడు. వాడు ఓడితే ఆవిడకు కడుపునొప్పి వస్తుంది.

వార్సెనిక్ ఆవిడ ఒళ్లో పప్పు చేట పెట్టింది. "రాళ్లేరు. నిన్న కొన్నాను, సగం మట్టే."

"ఇది నీ ఇంటి పప్పా, బడి పప్పా?"

"ఏరాక చెప్తా."

పప్పు, ఉండ చుట్టాల్సిన ఉన్ని, తెగిన బొత్తాలు, ఇవన్నీ ఆమె బెంచీ కింద డబ్బాలో ఉంటాయి. చేతులు ఖాళీగా ఉంటే పెద్దవాళ్ల కళ్లు తలుపు మీదికి పోతాయి. కళ్లు తలుపు మీదికి పోతే నోళ్లు లేస్తాయి. ఇది ఆమె ఇరవై మూడేళ్లలో నేర్చుకున్న విద్య.

చేట పట్టనిది సెరోబ్ ఒక్కడే. రాతిపని చేస్తాడు. నల్లరాతిని కోసి మెట్లు, గుమ్మాలు, సమాధి ఫలకాలు చెక్కుతాడు. కనుబొమల్లో కూడా రాతిపొడి ఉంటుంది. కూతురు నాజెలికి తొమ్మిదేళ్లు, ఏడో నంబరు కొక్కెం. సెప్టెంబరులో పిల్ల పేరు రాయించడానికి వచ్చినప్పుడు అతను టోపీ చేతిలో నలుపుతూ, "మా ఇంట్లో ఎవరికీ రాదండీ ఇది. చదువుకునే బళ్లో నేర్పితే దీనికి పట్టుకుంది" అన్నాడు, పిల్లకు జ్వరం పట్టుకున్నట్టు. ఆ రోజు నుంచి శనివారాలు పని ఆపుకుని తీసుకొస్తున్నాడు. నడవాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతాడు. బూట్ల చప్పుడు లోపలికి వినబడుతుందని వార్సెనిక్ ఒకసారి అతని చేత మేజోళ్లతో నడిపించింది కూడా.

"ఇవాళ గెలిస్తే నాలుగో తరగతి వస్తుందంట గదా?" అన్నాడు గోడ దగ్గర ఆగి.

"వస్తుంది."

"ఓడితే?"

"మంగళవారం వస్తుంది. పాఠానికి."

అతను నవ్వలేదు. మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.

పదకొండున్నర దాటాక తలుపు తెరుచుకోవడం మొదలైంది. ఒక పిల్ల గెంతుతూ వచ్చింది. లూసిక్ కొడుకు నింపాదిగా వచ్చి, "డ్రా" అని, తల్లి ఏరిన పప్పులో చెయ్యి పెట్టి ఆడుకోసాగాడు. లూసిక్ నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగి, "ఆకలేస్తోందా నాన్నా?" అని, వార్సెనిక్ వైపు ఓరగా చూసింది, సరిగ్గా అన్నానా అన్నట్టు. వార్సెనిక్ కళ్లతోనే మెచ్చుకుంది.

నాజెలి అందరికంటే చివర వచ్చింది. చంకలో ఆట రాసుకునే నోటు పుస్తకం, చేతిలో ఇత్తడి బిళ్ల. నేల చూస్తోంది.

"ఏమైంది?" అన్నాడు సెరోబ్.

పిల్ల బిళ్లను గుప్పిట్లో బిగించింది.

"ఏమైందంటే చెప్పవే! ఎలా ఓడావు?"

నాజెలి పెదవి కొరుక్కుంది. ఏడుపు బయటకు రాకుండా ముక్కుతో గాలి పీల్చింది. సెరోబ్ ఆమె చంకలోంచి పుస్తకం లాక్కుని, తెరిచి చూశాడు. అక్షరాలూ అంకెలూ తప్ప ఏమీ లేవు. దాన్ని మూసి కిటికీ గట్టు మీద పడేశాడు.

"చాలు. ఇక ఇదే ఆఖరు. ప్రతి శనివారం దీన్ని ఏడిపించడానికి తీసుకురాలేను. పిన్నీ, కోటియ్యి."

వార్సెనిక్ బిళ్ల తీసుకుని కొక్కేల దగ్గరకు వెళ్లింది. ఎర్ర కోటు ఏడో కొక్కేనికే ఉంది. దాని ముందు నిలబడి, వీపు అడ్డుపెట్టి, దాన్ని తీసి చివరి కొక్కేనికున్న తన శాలువా కింద వేలాడదీసింది. ఇటు తిరిగి చేతులు చాచింది.

"కనబడ్డం లేదు నాయనా."

"ఏంటి కనబడకపోవడం? ఎర్ర కోటు పిన్నీ!"

"ఎర్రదే. ఎవరి కోటు కింద పడిందో ఏంటో. నలభై కోట్లు. వెతకాలి. నేను ముసల్దాన్ని, తొందరపెట్టకు. కూర్చో." పిల్ల వైపు తిరిగి, "నువ్వు వెళ్లి మొహం కడుక్కునిరా తల్లీ. వేణ్ణీళ్లు రావాలంటే కుళాయి కాసేపు వదలాలి. డబ్బాలో తీపిరొట్టె ఉంది, తిను" అంది.

నాజెలి వెళ్లింది. సెరోబ్ బెంచీ మీద కూలబడ్డాడు. వార్సెనిక్ అతని పక్కన కూర్చుంది. కోటు వెతుకుతున్నట్టు నటించనైనా లేదు.

"కోప్పడుతున్నా అనుకుంటున్నావు గదూ" అన్నాడతను కాసేపటికి, గొంతు తగ్గించి. "రాయి నా చేతిలో పగిల్తే ఎందుకు పగిలిందో నాకు తెలుసు పిన్నీ. లోపల చీలిక ఉందా, ఉలి తప్పిందా, చలి పట్టిందా, చెప్పగలను. ఇది ఎందుకు ఓడిందో నాకు తెలీదు. అడిగితే ఏడుస్తుంది. అడక్కపోతే నాకు నిద్ర పట్టదు. చేతకాని తండ్రి దగ్గర పెరగడం కంటే, ఆ ఆట మానేస్తేనే నయం."

వార్సెనిక్ చీలిన గోరును రెండో చేతి వేలితో రాసుకుంది.

"మా సిరానుష్ పదకొండేళ్లప్పుడు ఓ పెద్ద ఆట ఓడింది. నేను కొట్టలేదు. తిట్టలేదు. షెడ్డు నుంచి ఇంటిదాకా, రెండు కిలోమీటర్లు, మంచులో, ఒక్క మాట మాట్లాడకుండా నడిచాను. అది నా వెనకాలే, నా అడుగుల్లో అడుగులేసుకుంటూ వచ్చింది. అప్పటికి వాళ్ల నాన్న పోయి రెండేళ్లు. నాకు ఏదో ఒక మంచి కబురు కావాలనిపించింది నాయనా, దాన్ని ఆ పిల్ల తెస్తుందనుకున్నా. వారానికి కడుపునొప్పన్నది. నెలకి రానంది. అంతే."

సెరోబ్ ఆమె మొహంలోకి చూశాడు.

"నువ్వు అడిగావు. తప్పు ప్రశ్న అడిగావు గానీ, అడిగావు. నాకంటే నయం. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఎందుకు ఓడావనకు. నాకు చూపించు అను."

"చూపిస్తే నాకేం అర్థమవుతుంది?"

"అర్థం కాకూడదు. అదే మంచిది."

నాజెలి తడి మొహంతో, బుగ్గలో తీపిరొట్టెతో వచ్చేసరికి, నడవా స్టూలు మీద చదరంగం బల్ల పరిచి ఉంది. సెరోబ్ దాని ముందు పెద్ద మోకాళ్లు విడదీసి కూర్చున్నాడు.

"కోటు దొరకలేదంట" అన్నాడు పావుల వైపు చూస్తూ. "ఖాళీగానే ఉన్నాం గదా. ఏం జరిగిందో నాకు చూపించకూడదూ?"

పిల్ల అనుమానంగా చూసింది. తర్వాత కూర్చుంది. పావులు అమర్చింది. పుస్తకం కిటికీ గట్టు మీదే ఉంది. దానివైపు చూడలేదు. తెల్ల బంటు ముందుకు, నల్ల బంటు ముందుకు, గుర్రం, మళ్లీ గుర్రం. రెండు పక్కలా తనే ఆడుతూ, మొదట్లో ఏమీ చెప్పలేదు. ఎనిమిదో ఎత్తుకు గొంతు వచ్చింది.

"ఇక్కడ అవతలి అబ్బాయి భయపెట్టాడు. నేను భయపడలేదు."

"ఇదేంటి, ఈ గుర్రం తాగిందా? అలా వంకరగా వస్తుంది?"

"గుర్రం అలాగే నడుస్తుంది నాన్నా! రెండు అటు, ఒకటి ఇటు."

"మనూళ్లో చాలామంది అలాగే నడుస్తారు ఇంటికి."

లూసిక్ పకపకా నవ్వింది. వెళ్లాల్సిన వాళ్లు కోట్లు చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. నాజెలి ఎవరినీ చూడడం లేదు. ముందుకు వంగి, జడ బల్ల మీద పడుతుంటే వెనక్కి తోసుకుంటూ ఆడుతోంది. పంతొమ్మిదో ఎత్తు దగ్గర ఆగింది. వేలు ఒక బంటు మీద పెట్టింది.

"ఇక్కడ. ఈ బంటు ఊరికే దొరికింది కదా అని తీసుకున్నా. తీసుకోకూడదు. తీసుకుంటే నా రాజు ముందు తలుపు తెరుచుకుంటుంది. చూడు, ఇలా వచ్చి, ఇలా వచ్చి... ఇంకేం చేసినా పోతుంది."

"మరి ఏం చెయ్యాల్సింది?"

"ఇది." పావు వెనక్కి పెట్టి, రాజును ఒక గడి పక్కకు జరిపింది. "మెల్లగా. అప్పుడు నేనే గెలుద్దును."

సెరోబ్ బల్లను చూడడం మానేసి కూతురిని చూస్తున్నాడు. రాతిపొడి ఉన్న కనుబొమలు రెండూ పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. "అంటే నీకు తెలుసు" అన్నాడు నెమ్మదిగా. "ఎక్కడ పగిలిందో నీకు తెలుసు."

"తెలుసు మరి."

"ఆ పుస్తకం చూడకుండా? ఇదంతా నీ బుర్రలోనే ఉందా?"

"అందరికీ ఉంటుంది నాన్నా."

"నాకు పొద్దున ఏం తిన్నానో గుర్తులేదే తల్లీ!" అన్నాడు. మరుక్షణం పావులన్నీ దగ్గరకు తోసి, "సరే, నాతో ఆడు. గుర్రం సంగతి తెలిసిందిగా, మిగతావి చెప్పు" అన్నాడు.

చెప్పింది. ఓపికగా, హ్రాంత్ మాస్టారు గొంతుతో, చూపుడువేలు ఎత్తి మరీ చెప్పింది. సెరోబ్ పెద్ద వేళ్లతో బంటును పట్టుకుంటే అది కనబడకుండా పోతోంది. ఆరు ఎత్తులు వేశాడు. ఏడో ఎత్తుకు చాలాసేపు ఆలోచించి, గర్వంగా మంత్రిని ముందుకు జరిపాడు. నాజెలి తన మంత్రిని తీసుకొచ్చి అతని రాజు పక్కన పెట్టింది.

"ఆటకట్టు."

"ఉండు, నేను ఇటు పోతా."

"అక్కడ నా గుర్రం చూస్తోంది."

"ఇటు?"

"అక్కడ నీ బంటే ఉంది."

సెరోబ్ రాజును అటూ ఇటూ చూశాడు. బల్ల కిందకు కూడా ఒంగి చూశాడు. అప్పుడు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు, స్టూలు మీది పావులు దడదడా రాలిపోయాయి.

"కొట్టేసింది! చూశారా? నన్ను ఏడు ఎత్తుల్లో కొట్టేసింది! ముప్పై ఎనిమిదేళ్ల మగాణ్ణి! రాళ్లు పగలగొట్టే మనిషిని!" నడవా అదిరింది. లోపల్నుంచి మాస్టారు తల బయటపెట్టాడు. "మాస్టారూ, మా నాజెలి నన్ను కొట్టేసింది! రాజుకి కదలడానికి చోటు లేదు, నేను చూశాను, ఎక్కడా లేదు!"

నాజెలి నేల మీద పావులు ఏరుతోంది. మొహం కనబడకుండా ఒంగి ఉంది గానీ, చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆపుకోలేక భుజాలు కదులుతున్నాయి. వార్సెనిక్ ఆ చెవులనే చూస్తూ కూర్చుంది. ఛాతీలో ఏదో బరువుగా, వెచ్చగా కదిలింది. చెయ్యి అక్కడ పెట్టుకుని, మెల్లగా ఊపిరి వదిలింది. ఈ నడవాలోంచి యోగ్యతా పత్రాలు పట్టుకుని వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల ఫొటోలు మాస్టారి గదిలో గోడ నిండా ఉన్నాయి. ఇలాంటి వాటికి ఫొటోలుండవు. అవి ఆమె ఒక్కతే దాచుకుంది.

"పిన్నీ" అన్నాడు సెరోబ్ కాస్త స్థిమితపడ్డాక. "కోటు దొరికిందా?"

"దొరికింది."

"ఎక్కడ?"

"ఉన్నచోటే."

ఆమె శాలువా ఎత్తి ఎర్ర కోటు తీస్తుంటే అతను చూశాడు. కూతురికి కోటు తొడిగి, బొత్తాలు పెట్టి, కిటికీ గట్టు మీది పుస్తకం తీసుకుని, రొమ్ము జేబులో పట్టకపోయినా కుక్కుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "మంగళవారం ఎన్నింటికి?" అన్నాడు.

"ఎప్పట్లాగే నాలుగింటికి. మెట్లు జాగ్రత్త."

అందరూ వెళ్లాక ఆమె నడవా ఊడ్చింది. రాలిన పావుల్లో ఒక బంటు హీటరు వెనక దొరికింది. చిన్న పాత్రలో కాఫీ కాచుకుని, కిటికీ దగ్గర నిలబడే తాగింది. బయట సెరోబ్, నాజెలి రోడ్డు దాటుతున్నారు. అతను చేతులూపుతూ ఏదో అంటున్నాడు, పిల్ల తల అడ్డంగా ఊపుతూ ఏదో సరిదిద్దుతోంది. ఇంతలో సిరానుష్ కారు వచ్చి హారను కొట్టింది. ఆదివారానికి తల్లిని తన ఇంటికి తీసుకెళ్లడం అలవాటు. వార్సెనిక్ శాలువా కప్పుకుని, తాళం వేసి, మెట్ల మీద ఉప్పు సరిపోయిందో లేదో బూటు కొనతో చూసి దిగింది.

ఆదివారం మధ్యాహ్నం, కూతురి ఇంట్లో, భోజనమయ్యాక, కుర్చీలో కునుకు తీస్తూ ఆమె పోయింది.

మంగళవారం నాలుగింటికి కొక్కేల దగ్గర ఎవరూ లేరు. హ్రాంత్ మాస్టారే కోట్లు తగిలిస్తూ, బిళ్లలు తారుమారు చేస్తుంటే, లూసిక్ వచ్చి ఆయన్ని పక్కకు జరిపి ఆ పని అందుకుంది. సెరోబ్ టోపీ తీసి గోడవారగా నిలబడ్డాడు. నాజెలి లోపలికి వెళ్లింది. కాసేపటికి సిరానుష్ తల్లి వస్తువులు తీసుకోవడానికి వచ్చింది. పొడుగ్గా, నల్లకోటులో, తల్లివే ఆ వెడల్పాటి భుజాలు.

"సెరోబ్ అంటే మీరేనా?" అంది. "ఆదివారం పొద్దుటి నుంచీ ఇంట్లో ఒకటే మీ గోల. కూతురి చేతిలో ఓడిపోయి నడవా అదిరేలా అరిచాడే అని. నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారి మీ గొంతు పెట్టి మరీ చెప్పింది. మా పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాతే నిద్రొస్తోందంది."

సెరోబ్ చేతిలో టోపీ నలిపాడు. "నాకు మీ సంగతి చెప్పిందమ్మా. మంచులో నడిచిన సంగతి. అది వినకపోతే నేను ఆ రోజు..."

సిరానుష్ నవ్వి, వేలి వెనకతో కళ్లు తుడుచుకుంది. "మీకూ చెప్పిందా. అందరికీ చెప్పేది. నేను మానేసింది అందుకు కాదండీ. నాకు చదరంగం ఎక్కలేదు. డాన్సు పిచ్చి నాకు. వందసార్లు చెప్పాను. 'నా మనసు కుదుటపడ్డానికి అంటున్నావులే' అనేది. నమ్మలేదు."

"మరి ఆ నడక..."

"నడిచాం. మాట్లాడలేదు. అది నిజమే." ఆమె కొక్కేల వరుస వైపు చూసింది. "అది నాకూ గుర్తుంది."

లోపల పిల్లలు గడియారాలు నొక్కుతున్న చప్పుడు మొదలైంది. సిరానుష్ బెంచీ కింది డబ్బా వైపు చూసి, "ఇవి ఇక్కడే ఉండనీండి, ఇక్కడివే" అంది. చెప్పులు, కళ్లజోడు సంచీలో వేసుకుంది. చివరగా కిటికీ దగ్గరకు వెళ్లి ఆగిపోయింది. తల్లి శనివారం తాగిన కాఫీ కప్పు గట్టు మీద ఉంది. తాగాక, మడ్డిలో ఏ బొమ్మలు పడతాయో చూసి జోస్యం చెప్పుకుందామని సాసరు మీద బోర్లించింది. హారను వినబడి అలాగే వదిలేసి వెళ్లింది.

సిరానుష్ దాని మీదికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. నీలం పువ్వుల అంచున్న చిన్న కప్పు, మూడు రోజుల ఎండకు మడ్డి ఆరి సాసరుకు గట్టిగా అంటుకుపోయి, బోర్లించినట్టే ఉంది.